లూథర్ రికార్డు

...అయినా, భయంతో నోరెండిపోయిన మనిషి ట్రంపెట్ ఎలా ఊదుతాడు? నాజీలు పారిస్‌లో దిగి, నల్లవాళ్ల జాజ్ మీద కత్తిగట్టాక కూడా ఆ నల్ల ట్రంపెటర్ లూథర్ బెల్ ఎలా వాయించాడు?

ఆగిరిపల్లి తోటలో మామిడికాయల బేరగాడి వేషంలో కూర్చున్న సీక్రెట్ ఏజెంట్ విక్టర్‌కి రావలసిన ఆలోచన కాదది. పొద్దుట పై అధికారి ఇచ్చిన బ్రీఫింగ్ గుర్తుచేసుకున్నాడు.

"తోటి నల్ల కళాకారుల్ని నాజీల రహస్య పోలీసులు గెస్టపోకి పట్టించినవాడి పేరు లూథర్ ఒక రికార్డులో తన గొంతుతోనే చెప్పాడు. ఆ ద్రోహిని వీరుడని చెప్పుకుంటూ వాడి మనవలు మనకు రాడార్లు అమ్మబోతున్నారు. ఆ రికార్డు కోసం ఢిల్లీలో మన మనిషిని చంపేశారు. ఒక్కటే కాపీ. ఏజెంట్ షీబాకి ఇచ్చెయ్. విస్సన్నపేట తోటల్లో పెరిగిన పిల్ల."

రికార్డు తోట యజమానురాలు అమృతమ్మ దగ్గరుంది. జర్మన్లకి చిక్కిన ఓడలో వంటవాడైన ఆమె తండ్రికి, వాళ్ల నిర్బంధ శిబిరంలో, లూథర్ చనిపోతూ అప్పగించాడు.

చెట్ల మీద కూలీలు కాయలు కోస్తున్నారు. కారు ఆగింది. నల్లకళ్లద్దాలు, పట్టుచీర.

"చిన్న రసాలు ఉన్నాయాండీ?"

"పెద్ద రసాలే మిగిలాయండి."

కోడ్ సరిపోయింది. అమృతమ్మ అప్పుడే కోసిన కాయ చేతికిచ్చింది. షీబా తొడిమ విరిచి, వాసన చూద్దామని ముక్కు దగ్గర పెట్టుకుంది. సొన చివ్వున మూతి మీదికి చిమ్మింది.

"ఎవరి పిల్లవమ్మా? కాయ బోర్లించి సొన కార్చాలని తెలీదూ? మూతి పుండవుద్ది."

"మర్చిపోయానండీ."

"నడక మర్చిపోతామా ఏంటి?"

విక్టర్ నోరెండిపోయింది. తోటల్లో పెరిగిన మనిషి ప్రార్థనైనా మరవచ్చు గానీ, సొన మరవదు.

లోపలికెళ్లాడు. గ్రామఫోన్ మీదున్న వేరే రికార్డు తీసి, లూథర్ కవరులో పెట్టి తెచ్చిచ్చాడు.

మూతి మంటతో లేబుల్ చూసే ఓపిక లేదు ఆ నకిలీ షీబాకి. రికార్డుని సిమెంటు నేలకేసి కొట్టింది. మరుక్షణం పిస్టల్ విక్టర్ గుండెకి గురిపెట్టింది.

"లూథర్ ఇక నోరెత్తడు. నువ్వూ అంతే."

ట్రిగ్గర్ మీద వేలు బిగుస్తుండగా, చెట్టు మీదినుంచి కాయలు కోసే చిక్కం వచ్చి ఆ చేతిని లాగేసింది. గుండు కొమ్మల్లోకి పోయింది. కూలీల వేషంలోని కమెండోలు కిందికి దూకారు.

ఆమెని పట్టుకుని అదే కారులో తీసుకెళ్లిపోయారు. అమృతమ్మ ముక్కలకేసి చూసింది.

"పగిలింది ఏది బాబూ?"

"గ్రామఫోన్ మీదున్నదండీ."

"నా పెళ్లినాటి కీర్తనలు. సరేలే, నాన్న ఆ లూథర్‌కిచ్చిన మాట దక్కింది."

ఇరవయ్యేళ్ల సర్వీసులో, పగిలినవన్నీ విక్టర్ రిపోర్టులో రాశాడు గానీ ఎన్నడూ ఎత్తలేదు.

మూలనున్న చీపురు అందుకున్నాడు.