అడగకుండా దాటిన పొలిమేర

…అయినా, మొగుణ్ణి లాక్కుపోతే లోకానికి అర్థమవుతుంది. నగ పోతే పోలీసులకు చెప్పుకోవచ్చు. కొండను లాక్కుపోతే ఎవరికి చెప్పుకోవాలి? ఆక్లండ్‌లో మా మౌంట్ రాస్కిల్ ఫ్లాట్‌లో, తేమకు ఉబ్బిన గోడ మీద ఆండీస్ కొండల మీది ఆ ‘ఇంకా’ రాజుల శిథిలనగరం బొమ్మ అంటించింది ఎవరు? నేను. మబ్బుల్లో తేలే ఆ రాతిమెట్లను చూస్తూ చల్లారిన అన్నం తిన్నది ఎవరు? నేను. ‘అదెక్కడుందే, ఆఫ్రికాలోనా?’ అని అడిగింది అమృత. ఇవాళ అక్కడ నడుస్తున్నది… అమృత!

ప్రణీత మనసు కొన్ని నెలలుగా అక్కడే తిరుగుతోంది.

ఇద్దరూ ఒకే విమానంలో ఆక్లండ్‌కు చదువుకోవడానికి వచ్చారు. ఒకే గదిలో ఉన్నారు. అమృతకు రెసిడెన్సీ వచ్చింది. ప్రణీతకు ఇంకా రాలేదు. అది తేలకుండా దేశం దాటితే మళ్ళీ లోపలికి రానివ్వరు. బయలుదేరే రోజున అమృత ఆమెను వాటేసుకుని, “ఆ కొండకు రైల్లో వెళ్తే ఏం మజా ఉంటుంది ప్రణీ? నడిచే వెళ్తా. ఫోటోలు పంపిస్తాలే, నువ్వు వెళ్ళినట్టే!” అంది.

నువ్వు వెళ్ళినట్టే! ఆ ఒక్క మాట ముల్లులా దిగింది.

అమృత చావాలని ప్రణీత ఎన్నడూ అనుకోలేదు. తిరిగి రాకూడదని మాత్రమే అనుకుంది. శాండ్రింగ్‌హామ్ హోటల్లో బిర్యానీ ముందు కూర్చుని, చేతులు తిప్పుతూ ఆ కొండ గురించి అందరికీ చెప్పకూడదని మాత్రమే అనుకుంది. చావు కోరడం వేరు, ఈ కోరిక వేరని తనను తాను నమ్మించుకోవడానికి చాలా రోజులు పట్టింది. నమ్మిన మర్నాడు నర్సింహకు ఫోన్ చేసింది.

అమావాస్య… జూన్ నెల చలి… నర్సింహ ఉండే హెండర్సన్‌లో సాయంత్రం ఐదింటికే ఆకాశం కాటుక పులుముకుంది. పడమటి కొండల మీద ఉరుము… దాని వెనకే మరో ఉరుము! పెరటి చెట్టులో గుడ్లగూబ ఆగి ఆగి కూస్తోంది. ఇక్కడ మునిమాపు. భూమికి ఆవలి వైపున, ఆండీస్ పర్వతాల్లో, సరిగ్గా నిశిరాత్రి! నర్సింహ కోరిన ఘడియ అదే.

పగటిపూట అతను పాత కార్లు బాగుచేస్తాడు. అతని రెండో పని గురించి ఇండియన్ దుకాణాల్లో గొంతు తగ్గించి చెప్పుకుంటారు. గ్యారేజీ షట్టర్ దించి ఉంది. ఇంజన్ ఆయిల్ వాసనలో సాంబ్రాణి పొగ కలిసిపోయింది. నేల మీద ముగ్గు. నడుమ ఒక టైరు. టైరు మీద, కుంకుమ పూసిన కపాలం!

“ప్రెషర్ కుక్కర్ల పెట్టి తెచ్చిన,” అన్నాడు నర్సింహ గర్వంగా. “ఎయిర్‌పోర్టు కుక్క నా గోంగూరను వట్టుకుంది గని దీన్ని ఇడిసిపెట్టింది. మనసు గట్టిగ చేసుకున్నవా బిడ్డా?”

“చేసుకున్నాను అంకుల్.”

“అసలైతె మేకను కోయాలె. కోస్తె పక్కింటి కివీ ముసల్ది కౌన్సిలోళ్ళకు ఫోన్ గొడ్తది. గందుకే ఫ్రీజర్ కోడితోని నడిపిస్తున్న.”

ప్రణీత సంచిలోంచి ఒక బూటు అట్టను తీసింది. అమృత పారేసిన పాత బూట్ల లోపలిది. దాని మీద ఐదు వేళ్ళూ, మడమా నల్లగా అచ్చుపడి ఉన్నాయి. నర్సింహ దాన్ని కపాలం ముందు పరిచాడు.

“ఇప్పుడు యాడుంది?”

“కనుమ కింద. గుడారంలో పడుకుని ఉంటుంది. పొద్దున్నే ఎక్కాలి. దాన్ని చనిపోయిన స్త్రీ కనుమ అంటారు అంకుల్. దూరం నుంచి చూస్తే వెల్లకిలా పడుకున్న ఆడమనిషిలా ఉంటుంది ఆ కొండ.” ఆ దారిలో ప్రతి మలుపూ ఆమెకు కంఠతా వచ్చు. చెబుతుంటే గొంతులో తెలియకుండానే మురిపెం పలికింది. “అక్కడి మనుషులు గుక్కెడు తాగాలన్నా ముందు నేల మీద ఇంత పోస్తారు. కొండను అడగందే అడుగు వెయ్యరు. మనం కూడా ముందు…”

నర్సింహ చెయ్యి ఆగింది. ప్రయోగం పొలిమేర దాటే ముందు అక్కడి దేవతకు కల్లు పోసి సెలవు అడగాలి. గురువు మొదట నేర్పింది అదే. ఒక్క క్షణం అతని కళ్ళలో ఏదో కదిలింది. అంతలోనే నవ్వేశాడు.

“ఈ దేశమొచ్చినంక ఒక్కనాడన్న అడగలె. ఏమైంది నాకు? రాళ్ళను అడుగుతరా ఎవరన్న!”

మంత్రం మొదలైంది.

దీపాలు నీలంగా వెలిగాయి. ఉరుముకు రేకుల కప్పు దడదడలాడింది. కపాలం కంటిగుంటల్లోంచి పొగ… తాడులా పేనుకుంటూ ప్రణీత ముక్కుపుటాల్లోకి…! ఆమె కెవ్వున కేకవేసి వెల్లకిలా పడింది. వేళ్ళు కొంకర్లు పోయాయి. గొంతులోంచి వచ్చిన మూలుగు ఆమెది కాదు!

కళ్ళు మూసుకుపోయాయి. అప్పుడు కనిపించింది…

గుడారం గుడ్డ. దాని మీద మంచు. చీకట్లో జిప్పు దానంతట అదే తెరుచుకుంటోంది. చెప్పుల్లేని పాదాలు గడ్డి మీద నడుస్తున్నాయి… అవి అమృత పాదాలు. కాని చలి ప్రణీతకు తెలుస్తోంది! పగిలిన బొబ్బల మంట తెలుస్తోంది. ఊపిరి చాలని రొమ్ము, పట్టు తప్పుతున్న మోకాళ్ళు, చెంపల మీద ఎండిన కన్నీళ్ళ జిగట. అందరికన్నా వెనకబడిపోయి, సాయంత్రమంతా ఎవరికీ వినపడకుండా ఏడ్చింది ఆ పిల్ల.

తన కొండను అమృత ఏలుతున్నదనుకుంది ప్రణీత. ఇన్నాళ్ళూ ఆమె అసూయపడినది ఎవరి మీద? తానే కల్పించుకున్న ఒక అమృత మీద! ఇక్కడ ఉన్నది చలికి వణుకుతున్న ఒక మనిషి.

పాదాలు లోయ అంచున ఆగాయి.

“చెప్పు!” గ్యారేజీలో నర్సింహ గొంతు ఉరిమింది. “దూకమందునా? నీ నోటితోని ఊఁ అనాలె!”

అన్నిటికన్నా తేలికైన మాట అది. పెదవి కూడా కదపనక్కర్లేదు.

“వద్దు…”

“ఏందీ?”

“వద్దు అంకుల్! వెనక్కి రమ్మను… దాన్ని వెనక్కి రమ్మను!”

“శక్తిని పిలిచినంక వద్దంటె అది నిన్ను తింటది, నన్ను తింటది!” ఆమె జుట్టు పట్టి ఈడ్చి పక్కకు విసిరాడు. రెండు చేతులూ కపాలం మీద ఆనించి, తల పైకెత్తి అరిచాడు. “ఏయ్ చచ్చినదానా! కనుమల పండుకున్నదానా! లేశి దాన్ని తొయ్యి! నా ఆన!”

గుడ్లగూబ కూత ఆగిపోయింది. గాలి ఆగిపోయింది. ప్రణీత మూసిన కళ్ళ వెనుక, నక్షత్రాల కింద, యుగాలుగా వెల్లకిలా పడుకుని ఉన్న ఆ మహాపర్వతం… తల ఇటు తిప్పింది!

అది చచ్చిన ఆడదాని ప్రేతం కాదు. ఆజ్ఞలకు లేచేది కాదు. పేరుతో పిలవడానికి మనిషికి నోరు చాలనిది. తనను అడగకుండా తన పొలిమేర తొక్కింది ఎవరో చూసింది… అంతే!

కపాలం పిండిపిండి అయిపోయింది. నర్సింహ మోకాళ్ళు వంగాయి. అతని మీద ఏమీ లేదు. అయినా ఏదో మోపినట్టు నడుము వంగింది, మెడ వంగింది, ముఖం ముగ్గులోకి ఒరిగింది. సముద్రమట్టాన ఉన్న ఆ గ్యారేజీలో, శిఖరం మీద ఊపిరందని మనిషిలా గుడ్లు తేలేసి నోరు తెరిచాడు… “అడుగుత… ఇప్పుడు అడుగుత…!” పక్కటెముకలు పటపటమన్నాయి. కాంక్రీటు నేల మనిషి ఆకారంలో నెర్రెవిచ్చింది. తరువాత ఆ నోటిలోంచి ఏమీ రాలేదు.

ఆ బరువు ప్రణీత రొమ్ము మీదికి కూడా వచ్చింది. అరచేయిలా ఆనింది. ఆమె కదలలేదు, బతిమాలలేదు. తనకేం తీర్పు రావాలో తనకే తెలియలేదు. చాలాసేపటికి ఆ చెయ్యి తొలగింది.

తొలగేముందు చివరిసారిగా కనిపించింది ఆ లోయ అంచు. అమృత ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. తన ఉత్త పాదాల వంక చూసుకుంది. “ఓరి నాయనో, చలి! నేనిక్కడికెందుకొచ్చానే!” అని తనను తాను తిట్టుకుంటూ, కుంటుకుంటూ గుడారంలోకి దూరిపోయింది.

ప్రణీత షట్టర్ ఎత్తింది. బయట వాన మొదలైంది. అంబులెన్సుకు ఫోన్ చేసి, వీధి పేరు చెప్పి, తడుస్తూ మెట్టు మీద కూర్చుంది. అమృతను లోయ అంచుదాకా నడిపించిన చేతులు తన ఒళ్ళోనే ఉన్నాయి. వాటి కేసి చూసింది.

అమృత వెళ్ళిన దగ్గర నుంచి ప్రణీత ఆమెకు ఒక్క మాట కూడా పంపలేదు. ఫోన్ మళ్ళీ తెరిచింది. చాలా రాసింది, చెరిపేసింది. చివరికి ఒకే వాక్యం మిగిలింది.

‘మోకాళ్ళు బాగా నొప్పిగా ఉన్నాయా అమ్మూ?’

పంపింది.