కొబ్బరాకు కట్టిన గుడిసె

ముందే చెప్పేస్తున్నాను: ప్రేమకథల్లో నాకు ప్రేమికుల కన్నా వాళ్ల చుట్టూ ఉండే జనమే ఎక్కువ నచ్చుతారు. పెనీనాకి మాత్రం ఆ జనంతోనే చచ్చే చావొచ్చింది.

పెనీనా మా దీవుల రాజధాని ఆపియాలో ప్రోగ్రామర్. కొత్త యాప్ పేరు చెప్పి ఆఫీసువాళ్లు నెలల తరబడి ప్రాణం తోడేశాక వారం సెలవు దొరికింది. సవాయీ దీవిలో, నల్లరాతి తీరాన, పాత చర్చి ఉన్న ఊళ్లో సముద్రం పక్కనే గుడిసె తీసుకుంది. దానికి గోడల్లేవు. చుట్టూ చాపలు వేలాడతాయి, అంతే.

పుస్తకం తెరిచిందో లేదో, గుడిసె అద్దెకిచ్చిన తిరేసా వచ్చి పక్కన కూలబడింది.

"ఒక్కదానివే ఉన్నావేంటమ్మా? మనసు బాలేదా?"

"బానే ఉంది పెద్దమ్మా. చదువుకుంటున్నా."

"అయ్యో," అంది తిరేసా జాలిగా.

మా ఊళ్లలో ఒంటరిగా కూర్చున్న మనిషీ, జ్వరమొచ్చిన మనిషీ ఒకటే. తిరేసా కూతుళ్లు కోకో జావ తెచ్చారు. పాస్టరుగారి భార్య వచ్చింది. తర్వాత చర్చిలో పాడేవాళ్లంతా వచ్చి, పాడి మరీ వెళ్లారు.

మర్నాడు టారో అనే చేమదుంపలు మోసుకొచ్చిన లఫాయెలె పెనీనా కోపానికి దొరికిపోయాడు. అతను తిరేసా మేనల్లుడు.

"మీ ఊరికి వేరే పనిలేదా? నేను సముద్రం చూడ్డానికొచ్చా. ఇప్పటిదాకా చూసింది మీ బంధువుల్నే!"

"సముద్రం రోజూ ఒకటేగా. మా బంధువులైతే గంటకొకళ్లు మారతారు."

"నవ్వకు, ఒళ్లు మండుతోంది! వీళ్లని ఆపే దారే లేదా?"

అతను ఆమె వైపు అవసరమైన దానికన్నా కాస్త ఎక్కువసేపే చూశాడు. ఊరి పెద్దల్ని అడిగొచ్చి, కొబ్బరాకు అల్లి గుడిసె స్తంభానికి కట్టాడు. పండ్ల చెట్లకి కట్టే నిషేధపు గుర్తు అది. ఉన్నంతకాలం ఎవరూ దగ్గరికి రారు.

నిజంగానే రాలేదు. భోజనం కూడా దూరంగా రాతిమీద పెట్టి వెళ్లిపోయారు. పెనీనా సగం పుస్తకం చదివింది. వాన వచ్చింది, వెలిసింది. లఫాయెలె దారిన పోతూ చెయ్యూపాడు, ఆగలేదు. ఆ తర్వాతి రోజులూ అంతే. ఆమె పుస్తకం విసిరికొట్టింది.

"నువ్వెందుకు రావు?"

"కట్టింది నేనైనా నిషేధం నిషేధమే," అన్నాడు దారిలోంచే.

"రేపు నా పడవ! విప్పెయ్!"

"పెద్దల్ని అడగాలి. ఎందుకంటారు."

"ఏం చెప్తావ్?"

అతను దారి అంచుదాకా జరిగాడు. "నీ ధ్యాసలో పడి, కలుపు పీకబోయి టారో మొక్కలు పీకేస్తున్నానని. నువ్వెళ్లిపోతే తోటే మిగలదని."

పెనీనా లేచి స్తంభం దగ్గరికి నడిచింది.

"ఏయ్, తెంపకు! తెంపినవాళ్లు ఊరందరికీ విందు పెట్టాలి!"

"పెడతా. వంట నువ్వు చెయ్యి," అంటూ ఒక్క గుంజు గుంజింది.

సీమపనస చెట్ల వెనక చప్పట్లు మోగాయి. ముందు తిరేసా, ఆమె వెనక కూతుళ్లు, పాస్టరుగారి భార్య, పాడేవాళ్లు.

"మీరంతా ఇక్కడే ఉన్నారా?" తల పట్టుకుంది పెనీనా.

"ఒక్కదాన్ని ఎలా వదిలేస్తామమ్మా? దూరంగా కూర్చుని తోడున్నాం," అంది తిరేసా. మేనల్లుడి వైపు తిరిగింది. "చూస్తావేంట్రా? పోయి పొయ్యి రాళ్లు వేడిచెయ్యి. ఊరంతా తింటుంది, పిల్లా ఉంటుంది."

పెనీనా కాదనలేదు. ఆ పడవా ఎక్కలేదు.

మీ సెలవుల్ని ఇంత ప్రేమగా పాడుచేసినవాళ్లు మీకూ ఉన్నారా? రాయండి. పెనీనాకి చదివి వినిపిస్తాను, ఆ ఊరు ఆమెని కాసేపు ఖాళీగా వదిలితే.