నాలుగు గంటల మోతాదు

"ఆరుగురు పోయారు. విషం తాగామని ఒక్కరూ ఒప్పుకోలేదు." డాక్టర్ చంద్రాణి రిజిస్టరు ముందుకు తోసింది.

ఏజెంట్ కుసల్ విదానగే రైతు వేషంలో ఉన్నాడు. మాసిన లుంగీ, అతికించిన మీసం, చొక్కా గుండీలో మైక్. కొలంబో నుంచి అనురాధపురం పక్కనున్న ఆ చిన్న ఆస్పత్రికి వచ్చి గంట కూడా కాలేదు.

"పురుగుమందేమో?"

"ఇరవై ఏళ్ళుగా ఈ వార్డు నాది, తమ్ముడూ. పురుగుమందైతే కంటిపాప ఆవగింజంత అవుతుంది. పచ్చగన్నేరు గింజలైతే నాడి మందగిస్తుంది. వీళ్ళకు రెండూ లేవు. అందరూ షుగరు పేషెంట్లు. మంగళవారం క్లినిక్‌కి వచ్చి వెళ్ళినవాళ్ళే. ఉన్నట్టుండి ఊపిరి ఆగింది."

ఆమె వేలు వరుసగా కిందికి జరిగింది. మొదటివాడు క్లినిక్‌కి వచ్చిన తొమ్మిది గంటల్లో పోయాడు. తర్వాత ఎనిమిది, ఏడు, ఐదు. చివరి ఇద్దరూ సరిగ్గా నాలుగు.

"ఎవరో నా రోగుల మీద మోతాదు సరిచూసుకుంటున్నారు."

కుసల్ మనసులో లెక్క వేశాడు. పదకొండింటికి శాంతి చర్చల దూతలు కొత్త వార్డు చూడ్డానికి వస్తున్నారు. ఇక్కడ విషం మింగితే, నాలుగు గంటల తర్వాత తిరుగు విమానంలో ప్రాణం పోతుంది. ఎవరి పనో తేలదు. యుద్ధం మాత్రం మళ్ళీ మొదలవుతుంది.

ఈరోజు మంగళవారం.

క్లినిక్ క్యూ పక్కనే ఒక విదేశీ సేవాసంస్థ ఉచిత టీ కౌంటర్ ఉంది. దాని వెనక చర్చలు చెడగొట్టాలని చూసే ముఠా ఉందని ఇంటెలిజెన్స్ అనుమానం. కౌంటర్‌లో నిలబడ్డ రొమేన్ వాన్‌డోర్ట్ కుసల్ డిపార్ట్‌మెంటు రహస్యంగా పెట్టిన మనిషే, అతని పాత స్నేహితురాలు. ముత్యాల చెవికమ్మలు, చూపు తిప్పుకోనివ్వని నవ్వు. కౌంటర్‌లో తప్పేమీ లేదని ఆరువారాలుగా రిపోర్టు పంపుతోంది.

"ఎండ మండిపోతోందమ్మా," అన్నాడు కుసల్, షుగరు రోగిలా క్యూలో నిలబడి. కోడ్ మాట.

"మాతలేలో వాన పడిందట," అంది రొమేన్. సరైన జవాబే.

అతను కౌంటర్ లోపల విడిగా ఉన్న ట్రేలోని పింగాణీ కప్పుకి చెయ్యి చాచాడు. ఆమె ఆ కప్పు వెనక్కి తీసుకుని, ట్రేని లోపలికి పంపేసింది.

"నీకు షుగరు కదా. వద్దులే."

క్యూలో ఉన్నవాళ్ళందరికీ షుగరే. అందరి చేతుల్లోనూ కప్పులున్నాయి. ఆ ట్రేలోది మాత్రం ఇతనికి వద్దంది. పాత స్నేహం ఆమె నోటిని అంతమాత్రం జారనిచ్చింది.

అంటే ఈరోజు క్యూకి మామూలు టీ. మరి హాల్లోకి వెళ్ళిన ఆ ట్రే దూతలకా?

కుసల్ పరిగెత్తాడు. హాల్లో ముసలి దూత కప్పు పెదవుల దాకా తెచ్చాడు. కుసల్ గుండె పట్టుకుని "విషం!" అని అరుస్తూ ట్రే మీద పడ్డాడు. పింగాణీ ముక్కలైంది. దూత చేతిలో కప్పు ఎగిరి గోడకు కొట్టుకుంది.

"పిచ్చివాడు! బయటికి ఈడ్చండి!" వెనకే వచ్చిన రొమేన్ అరిచింది.

ట్రేతో వచ్చి పక్క బల్ల మీదున్న కూజాలో ఇంకా టీ ఉంది. అరుపు విని వచ్చిన చంద్రాణి ఒక కప్పు నింపి ఆమెకు చాపింది.

"పిచ్చివాడే అయితే నువ్వు తాగి చూపించమ్మా."

రొమేన్ కప్పు వైపు చూసింది, కుసల్ వైపు చూసింది. చేతులు కట్టేయమన్నట్టు ముందుకు చాపింది.

"నీకు ఇచ్చేసి ఉండాల్సింది," అంది.

రొమేన్‌ని ఎక్కించుకుని పోలీసు జీపు వెళ్ళిపోయాక కుసల్ ఊపిరి పీల్చుకున్నాడు. చంద్రాణి కడుపు కడిగే గొట్టం, బకెట్ పట్టుకుని నిలబడింది.

"పడుకో."

"నేను తాగలేదు డాక్టర్! అదంతా నటన!"

"మీసం మీద టీ చుక్కుంది," అంది చంద్రాణి. "పైగా ఈ వార్డుకు వచ్చినవాళ్ళంతా ఆ మాటే అంటారు."