మూడూ ఇరవైకి పోయిన పుస్తకం

గురువారం సాయంత్రం ఆరు గంటల తొమ్మిది నిమిషాలకు సైబర్ సెల్ ఎస్సై ఫోనుకి ఒక ఫోటో వచ్చింది.

శవం ఫోటో కాదు. కంప్యూటర్ స్క్రీన్ ఫోటో. పంపింది అతని అక్క.

వెనకే ఫోన్ మోగింది.

"నా పుస్తకం పోయిందిరా. మూడొందల పన్నెండు పేజీలు. ఫోల్డరే లేదు."

అక్క నర్సింగ్ కాలేజీలో లెక్చరర్. కాన్పుల వార్డు నర్సుల కోసం నాలుగేళ్లుగా ఒక పాఠ్యపుస్తకం రాస్తోంది. ఆ నాలుగేళ్లూ ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్‌లోనే ఉన్నాయి. బయట ఎక్కడా ఇంకో కాపీ లేదు. కంప్యూటర్ నేరాలు పట్టుకునే తమ్ముడుండి కూడా లేదు.

ఎస్సైకి ఆఫీసులో గడియారం అని పేరు. ఏ కేసైనా అతని మొదటి ప్రశ్న ఒకటే, ఎన్నింటికి? ఆ పేరంటే అతనికి లోలోపల గర్వం కూడా ఉండేది.

ఫోటో పెద్దది చేసి చూశాడు. పుస్తకం ఉండాల్సిన పెద్ద ఫోల్డర్ వివరాలు. చివరిసారి అందులో మార్పు జరిగిన టైము మధ్యాహ్నం మూడూ ఇరవై.

"మూడూ ఇరవైకి ఇంట్లో ఎవరున్నారు?"

"నేను కాలేజీలో. మీ బావ డ్యూటీలో."

"ఇంకెవరు?"

అక్క కొంచెం ఆగింది. "మా ఆడపడుచు. ఒక్కతే."

"అయితే తనే."

కేసు నలభై సెకన్లలో తేలిపోయింది. ఎస్సై ఫోన్ జేబులో పెట్టుకుని టీ తాగడానికి వెళ్లాడు.

ఆ ఆడపడుచు, అంటే బావ చెల్లెలు, వినికిడి మిషన్లు అమ్మే షాపులో పనిచేస్తుంది. వచ్చినవాళ్ల చెవులు పరీక్షించి, ఫలితాలు కంప్యూటర్లో ఎక్కిస్తుంది. కాపురం చెడి రెండేళ్లుగా అన్న ఇంట్లోనే ఉంటోంది. వదినకీ ఆమెకీ ఆ కంప్యూటర్ దగ్గరే తరచూ మాటా మాటా అయ్యేది. ఒకరు కూర్చుంటే రెండోవాళ్లకి అప్పుడే పని గుర్తొస్తుంది.

అక్క కోపం ఇంటితో ఆగలేదు. అదే రాత్రి షాపు యజమానురాలికి ఫోన్ చేసి, మీ దగ్గరున్న మనిషి ఫైళ్లు చెరిపే మనిషి, పోలీసులే తేల్చారు అని చెప్పేసింది. శుక్రవారం పొద్దున ఆడపడుచుని కంప్యూటర్ ముందు నుంచి లేపి అట్టపెట్టెలు సర్దే పనిలో పెట్టారు. ఉంచాలో పంపాలో సోమవారం చెబుతామన్నారు. ఆమె సాయంత్రమే ఒక బ్యాగు తీసుకుని హాస్టల్‌కి వెళ్లిపోయింది.

ఆదివారం ఎస్సై అక్క ఇంటికి వచ్చాడు. పోయిన ఫైళ్లు వెతికే సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు.

తలుపుకి తాళం ఉంది. పదకొండు గంటలకు అక్కా బావా కూరగాయల సంచులతో మెట్లెక్కి వచ్చారు.

"లోపలికి రండి ఎస్సైగారూ. ఒక్క నిమిషం, కరెంటు మెయిన్ వేస్తాను" అన్నాడు బావ.

బావ లిఫ్టు మెకానిక్. ముప్పై ఏళ్లలో ఎన్ని వైర్లు కాలిపోవడం చూశాడో, ఇంట్లో ఎవరూ లేకపోతే మెయిన్ ఆపకుండా గడప దాటడు. ఫ్రిజ్‌కి మాత్రం వేరే లైను లాగాడు. ఇంట్లోవాళ్లందరికీ అదే అలవాటు చేశాడు.

ఎస్సై కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మానిటర్ పక్కన గోడకి ఒక కాగితం అంటించి ఉంది. అక్క చేతిరాత.

'ఈ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లకి నా మనవి. ఆన్ చేశాక కూర వండి వచ్చేంత సేపు తీసుకోవద్దు. జాగా నిండిపోయిందని రోజూ చెప్పేకంటే ఏం తీసేయాలో చెప్పండి. ప్రింటర్ పక్కనే ఉంటే కనబడలేదనకండి. ప్రతిదానికీ "ఖచ్చితంగానా?" అని అడగొద్దు. నిజంగా ప్రమాదం ఉన్నప్పుడే అడగండి.'

ఎస్సైకి నవ్వొచ్చింది. కాగితం కింద స్క్రీన్ వెలిగింది. మూలన టైము కనిపించింది. తొమ్మిదీ ముప్పై ఆరు.

తన చేతి గడియారం చూసుకున్నాడు. పదకొండూ ఆరు.

నవ్వు ఆగిపోయింది.

"బావా, ఈరోజు మెయిన్ ఎన్నింటికి ఆపావు?"

"తొమ్మిదిన్నరకి. ఏం?"

"ఈ కంప్యూటర్ టైము ఎప్పుడూ ఇలా తప్పు చూపిస్తుందా?"

"ఏమోరా, గోడ గడియారం ఉండగా దాన్నెవరు చూస్తారు?" అంది అక్క.

"ఇంటర్నెట్ ఎప్పుడు పెడతారు?"

"నేనొచ్చాక, ఏడింటికి. నా ఫోన్ నుంచి" అన్నాడు బావ.

ఎస్సై జేబులోంచి ఫోన్ తీశాడు. గురువారం ఫోటో తెరిచాడు. ఈసారి ఫోల్డర్ వైపు చూడలేదు. స్క్రీన్ మూల వైపు చూశాడు.

వేళ్ల మీద గంటలు లెక్కపెట్టి, కంప్యూటర్లో ఫోల్డర్లూ చెత్తబుట్టా తెరిచి చూశాడు. 

"బావా," అన్నాడు చివరికి. "మీ చెల్లెలిని తీసుకురా. ఇప్పుడే."

పన్నెండూ పావుకి ఆమె వచ్చింది. లోపలికి వచ్చింది కానీ కూర్చోలేదు. చెప్పులు విడిచిన చోటే గోడకి ఆనుకుని నిలబడింది.

"ఎస్సైగారు రమ్మన్నారట" అంది. ఎప్పుడూ బావగారూ అని పిలిచే మనిషి.

ఎస్సై గొంతు సవరించుకున్నాడు. "గురువారం పొద్దున ఇంట్లోంచి అందరూ ఎన్నింటికి వెళ్లారు?"

"తొమ్మిదింటికి. మెయిన్ అన్నయ్యే ఆపాడు."

"మీరు తిరిగి ఎన్నింటికొచ్చారు?"

"పళ్ల డాక్టర్ దగ్గర్నుంచి పదకొండుకి ఐదు నిమిషాలు తక్కువలో వచ్చాను. మెయిన్ వేశాను. నాలుగింటికి వదిన రాగానే షాపుకి వెళ్లాను."

"గంటా యాభై ఐదు నిమిషాలు" అన్నాడు ఎస్సై. "కంప్యూటర్ లోపల చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు టైము నడిపేది అదే. ఇందులో అది చచ్చిపోయేలా ఉంది. మెయిన్ ఆపితే గడియారమూ ఆగిపోతోంది. వేశాక ఆగిన చోటు నుంచి నడుస్తోంది. రాత్రి నెట్ తగలగానే సర్దుకుంటోంది. అందుకే మీరెవరూ గమనించలేదు."

ఫోన్ బల్లమీద పెట్టాడు.

"ఈ ఫోటో నాకు ఆరూ తొమ్మిదికి వచ్చింది. ఫోటోలో స్క్రీన్ టైము నాలుగూ పద్నాలుగు. రెండూ నా చేతిలోనే ఉన్నాయి. చూడలేదు. కంప్యూటర్లో మూడూ ఇరవై అంటే అసలు టైము ఐదూ పావు."

అక్క వైపు తిరిగాడు.

"అక్కా, ఐదూ పావుకి కంప్యూటర్ ముందు ఎవరున్నారు?"

అక్క పెదవి తడుపుకుంది. "నేనే. ఐదింటికి కూర్చున్నాను. జాగా నిండిందని అంటోందని పాత కాపీ ఒకటి తీసేశాను. పాతదే."

"పేర్లేమిటి ఆ ఫోల్డర్లకి?"

"పుస్తకం ఫైనల్. పుస్తకం ఫైనల్ కొత్తది."

"మిగిలింది రెండేళ్ల కిందటిది. నువ్వు తీసేసింది కొత్తది."

"మరి చెత్తబుట్టలో ఉండాలిగా? ఆ రోజే చూశాను, లేదు."

"బుట్టలో మీ ఆడపడుచు తీసేసిన పాటలున్నాయి. ఏడాది నుంచి అలాగే ఉన్నాయి. ఆవిడ తీసేసినవన్నీ అక్కడికే వెళ్తాయి. నీవి ఒక్కటీ లేవు. మీ కాలేజీలో ప్రశ్నపత్రాలు ఎలా చెరుపుతారు?"

అక్క ఎడమచెయ్యి తనకు తెలియకుండానే కదిలింది. చిటికెనవేలు గాలిలో వంగింది.

"షిఫ్ట్ నొక్కి" అంది మెల్లగా. "బుట్టలో కూడా మిగలకూడదని. పరీక్షల విభాగంలో అందరం అంతే. పదేళ్ల నుంచి అదే అలవాటు."

"కంప్యూటర్ అడగలేదా, ఖచ్చితంగానా అని?"

"అడిగే ఉంటుంది. రోజుకి నలభై సార్లు అడుగుతుంది. చదవడం ఎప్పుడో మానేశాను. అది నాలుగేళ్ల పని అని ఒక్క ముక్క చెప్పి ఉంటే..." అంటూ ఆగిపోయింది. తప్పు మిషన్ మీదకి తోస్తున్నానని తనకే తెలిసినట్టుంది.

తర్వాత మాట నేల చూస్తూ అంది.

"ఆరింటికి వెతికినప్పుడు నాకు అనుమానం వచ్చిందిరా. నేనే ఏమైనా చేశానా అని. నువ్వు మూడూ ఇరవై అనగానే ప్రాణం లేచొచ్చింది. నేను కాదు కదా, అంతే చాలనిపించింది."

సిగ్గుతో ఆమె ముఖం ఎర్రబడింది. ఎస్సైకి కూడా ఆ గదిలో ఎటు చూడాలో తెలియలేదు. పదమూడేళ్ల సర్వీసులో ఎంతోమంది దొంగల్ని తలదించుకునేలా చేశాడు. తన తల అంత బరువుంటుందని అప్పుడే తెలిసింది.

"తప్పు నాదేనండీ" అన్నాడు ఆడపడుచుతో. "నేను సరిగ్గా చూడలేదు."

"చూడకపోవడం సంగతి వదిలేయండి" అంది ఆమె. గొంతు పెంచలేదు. "మూడు రోజులైంది. మీలో ఒక్కరైనా నన్నడిగారా? ఎన్నింటికి అని కాదు. నువ్వు చేశావా అని."

 ఆ ప్రశ్న ఎస్సైకి తట్టనే లేదు.

బావ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నేనైనా అడగాల్సింది చెల్లీ" అన్నాడు. "ఇంట్లో గొడవెందుకని ఊరుకున్నాను."

ఎస్సై పెన్‌డ్రైవ్ పెట్టి వెతకడం మొదలుపెట్టాడు. నూట నలభై పేజీలు దొరికాయి. మిగతా పేజీల్లో అక్షరాల బదులు డబ్బాలూ అర్థంకాని గుర్తులూ కనిపించాయి. గురువారం తర్వాత బావ ఎక్కించిన రెండు సినిమాలు వాటి చోటులో కూర్చున్నాయి. అక్క స్క్రీన్ వంక ఒకసారి చూసి, తల తిప్పుకుని ఫోన్ అందుకుంది.

"ఎవరికి?" అన్నాడు ఎస్సై.

"షాపుకి. ఆదివారం రెండింటి దాకా తెరిచే ఉంటుంది."

యజమానురాలు ఫోన్ ఎత్తింది.

"అమ్మా, గురువారం నేను చెప్పింది అబద్ధం. మా ఆడపడుచు ఏ ఫైలూ చెరపలేదు."

"మరి పోలీసులే తేల్చారన్నారు? ఎవరు చెరిపారు?"

అక్క కళ్లు మూసుకుంది. "నేనేనమ్మా. నా పుస్తకం నేనే చెరుపుకున్నాను."

అవతల మనిషికి నవ్వు ఆగలేదు. ఆ నవ్వు గదిలో అందరికీ వినిపించింది. నవ్వాక, సరే, రేపు తన సీట్లోనే కూర్చోమనండి అంది.

అక్క ఫోన్ పెట్టేయబోయింది.

"ఆగండి వదినా." ఆడపడుచు గోడ దగ్గర్నుంచి మొదటిసారి రెండడుగులు ముందుకు వేసింది. "శుక్రవారం నన్ను లేపినప్పుడు షాపులో ముగ్గురు విన్నారు. స్పీకర్ పెట్టమనండి. వాళ్లని కూడా పిలవమనండి."

అక్క ఆమె వైపు చూసింది. తర్వాత తమ్ముడి వైపు చూసింది. 

"అమ్మా, ఒక్కసారి స్పీకర్ పెడతారా" అంది అక్క. "అందరూ వచ్చేదాకా ఉంటాను."

అవతల కుర్చీలు జరిగిన చప్పుడు వినిపించింది. అక్క ఫోన్ రెండు చేతులతో పట్టుకుని మళ్లీ మొదటినుంచి చెప్పింది. ఈసారి ఇంకొంచెం గట్టిగా చెప్పింది.