రెండు చేతులూ ఊపితే

ఆ క్రేన్ ఎంత ఎత్తంటే, దాని కొన తగిలి మబ్బులు చిరిగిపోయేవి. నవ్వకండి, కింద నిలబడి తడిసినవాణ్ణి అడిగే రాస్తున్నాను. అంత ఎత్తున, అద్దాల గదిలో కూర్చుని, మన భాష ఒక్క ముక్క రాని ఒక అమ్మాయి లారీ అంత ఇనుప దూలాన్ని దూదిపింజలా తిప్పేది.

కింద నుంచి చేతి సైగలతో ఆమెకు దారి చూపించడం మన కుర్రాడి పని. మొదటి రోజు, తల మీదుగా తేలిపోతున్న దూలాన్ని నోరు తెరుచుకుని చూశాడు. ఒళ్ళు మరిచిపోయి, రెండు చేతులూ పైకెత్తి ఆమెకేసి తెగ ఊపాడు.

అంతే! దూలం గాల్లోనే బిగుసుకుపోయింది. మేస్త్రి పరుగెత్తుకొచ్చాడు. ఆయన కుర్రాడికి స్వయానా మేనమామ.

"ఎవరికేమైందిరా?"

"ఏం కాలేదు మామయ్యా. ఊరికే పలకరించాను."

"ఓరి నీ పలకరింపు తగలెయ్య! రెండు చేతులూ ఊపితే ప్రమాదం, ఉన్నపళంగా ఆపెయ్ అని కదరా! నిన్ను పనిలో పెట్టినందుకు నన్ను నేనే తన్నుకోవాలి."

భోజనాల వేళ ఆమె నిచ్చెన దిగొచ్చి, తన భాషలో అతన్ని ఉతికి ఆరేసింది. చిరిగిన మబ్బుల వాన వెలిసింది గాని ఆమె వెలవలేదు. తిట్లకు తర్జుమా ఎందుకు? అతను తలొంచుకుని తన టీ గ్లాసు ఆమె చేతికిచ్చాడు. ఆమె ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, ఇంకో గుక్క తాగింది.

ఇక మాటలన్నీ సైగలే. ఆమె జవాబు క్రేన్ హారన్. ఒక కూత వేస్తే అర్థమైందని, రెండు వేస్తే అర్థం కాలేదు, మళ్ళీ చూపించమని. ఆమె రెండు కూతలు వేసిన రోజే లేదు. అతని చిటికెన వేలు కదిలినా అంత పై నుంచి పట్టేసేది.

మేడ పూర్తయింది. తెల్లారితే క్రేన్ విప్పేస్తారు, ఆమె ఇంకో దేశం వెళ్ళిపోతుంది.

"నోరు విప్పి చెప్పి చావరా," అన్నాడు మేస్త్రి.

"ఏ భాషలో మామయ్యా?"

చివరి దూలం చోటు చేరింది. ఖాళీ కొక్కెం పైకి పోతోంది. కుర్రాడు చటుక్కున రెండు చేతులూ ఎత్తి ఊపాడు.

కొక్కెం ఆగింది. పనివాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ కొయ్యబారిపోయారు.

"ఏమైందిరా?"

"ఆ అమ్మాయి వెళ్ళిపోతోంది మామయ్యా."

ఆ తర్వాత చెయ్యాల్సిన సైగ ఎవరూ నేర్పలేదు. అరచెయ్యి గుండె మీద పెట్టుకుని, ఆమెకేసి చాపాడు.

రెండు కూతలు.

పాపం, ఇంకో రెండడుగులు ముందుకొచ్చి నిలబడ్డాడు. మళ్ళీ చూపించాడు. మళ్ళీ రెండు కూతలు. మూడోసారీ అంతే.

"మామయ్యా, అర్థం కావట్లేదు ఆమెకి!"

"ఒరేయ్ మొద్దూ! చిటికెన వేలు చూసి పసిగట్టే పిల్లకి ఇది అర్థం కాలేదా? ఇంకోసారి చూడాలని అడుగుతోందిరా!"

కుర్రాడు తల ఎత్తాడు. అతను సైగ చెయ్యకుండా ఏనాడూ అంగుళం కదలని కొక్కెం, దానంతటదే దిగుతోంది. దున్నపోతు తల అంత ఇనుము, ఊగకుండా, చప్పుడు లేకుండా వచ్చి, సరిగ్గా అతని గుండెకు జానెడు దూరంలో నిలబడిపోయింది.

అతను దాని మీద చెయ్యి వేశాడు.

పై నుంచి ఒకే ఒక్క కూత, ఊరంతా వినబడేలా.