ఉగాది మర్నాటి పేపరు

దసరా మర్నాడు పొద్దున వీరేశానికి చాయ్ రుచించలేదు. చాయ్‌లో లోపమేమీ లేదు, పక్కన పేపరు లేదు. పండగకు పేపరువాళ్లు సెలవు తీసుకుంటే, ముప్ఫై ఏళ్లు పోలీసు శాఖలో చేసి హెడ్ కానిస్టేబులుగా రిటైరైన మనిషి పొద్దెట్లా గడపాలి? పైగా సకల జనుల సమ్మె నాలుగో వారంలో ఉంది. బస్సుల్లేవు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. హైటెక్ సిటీ అద్దాల మేడలు సగం చీకట్లో నిలబడి ఉన్నాయి. సాయంత్రానికి ఏదో ఒకటి జరుగుతుందన్న దిగులు దారిన పోయే ప్రతి మొహంలోనూ కనబడుతోంది.

మాదాపూర్‌లో టిఫిన్ సెంటరు మీది గదే రాజరాజేశ్వరి డిటెక్టివ్ ఆఫీసు. పదిహేనేళ్లు కోర్టు రికార్డు రూములో పనిచేసి వచ్చిన మనిషి ఆమె. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే కళ్లు దించుకుని వింటుంది, కాగితం చేతికిస్తే మాత్రం రెప్ప వెయ్యదు. వయసులో తనకంటే చిన్నదైనా, ఆమె దగ్గరే సహాయకుడిగా చేరిన వీరేశానికి ఆమె అంటే లోపల భక్తే. పైకి మాత్రం చచ్చినా చెప్పడు.

తొమ్మిదింటికి వచ్చిన అమ్మాయి కూర్చోకుండానే మూడు ప్లాస్టిక్ కవర్లు బల్ల మీద పెట్టింది. పేరు అఖిల. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఊరు కోకాపేట.

“ఇవి ఇంటికి రావట్టినప్పటి నుంచి మా నాన్న అన్నం ముడ్తలేడు మేడం,” అంది.

మొదటి కవరులో పందొమ్మిది వందల అరవై తొమ్మిది ఉగాది నాటి తెలుగు పత్రిక ఉంది. అసలు ప్రతి. పసుపుపచ్చగా మారింది, మడతల దగ్గర చిరుగుతోంది. మొదటి పేజీ అడుగున పండగ శుభాకాంక్షల బాక్సు. మూడో కవరులో ఉగాది తరువాత రెండో రోజు పత్రిక. అందులో ‘బాలానగర్‌లో విద్యార్థి మృతి’ అని నాలుగు వరుసల వార్త. నడిమి కవరు ఖాళీ. పైన లేబులు మీద తేదీ మాత్రం ఉంది, ఉగాది మర్నాటిది. మూడింటి మీదా ఒకే షాపు ముద్ర.

“మొన్న తెల్లారి ఒకటి, నిన్న దసరా పొద్దున ఖాళీది, ఇయ్యాల ఇంకొకటి. గడప ముందట పెట్టిపోయిండ్రు. ఖాళీ కవరు చూసి నాన్న ‘నాకు పిలుపొచ్చింది బిడ్డా’ అన్నడు.”

అఖిల చెప్పిన సంగతి ఇది. ఆమె తండ్రి ఎల్లేశం అప్పటి తెలంగాణ ఉద్యమంలో విద్యార్థి. ఆయన దోస్తు బాలయ్య ఉగాది నాడు బాలానగర్‌లో లాఠీ దెబ్బకు పోయాడు. ఇవాళ ఐదింటికి కోకాపేట దీక్షా శిబిరంలో బాలయ్య పేరు మీద ఎల్లేశానికి సన్మానం.

“శిబిరం నడిపేది మా బావ రాజేందర్. కవర్లు అమ్మిన దుకాణమాయన ఆంధ్రాయన. బెదిరించింది ఆయనే అంటున్నడు బావ. ఐదింటిలోపల తేలకపోతే దుకాణం ఉండదంట.”

“నిన్న మీ ఇంటికి ఎవరెవరు వచ్చారు?” అని అడిగింది రాజరాజేశ్వరి.

“దసర జమ్మాకు చేతిల పెట్టనీకె ఊరంత వచ్చిండ్రు. సీతత్త ఒక్కతే రాలే, బాలయ్య చెల్లె. ఏటా అందరికన్న ముందు ఆమెనే వచ్చి నాన్న చేతిల జమ్మి పెడ్తది. నార్సింగిల ఉంటది. బస్సుల్లేవు గద.”

రాజరాజేశ్వరి కళ్లు దించుకునే వింది. ఖాళీ కవరును మాత్రం చాలాసేపు వెలుతురుకు పట్టి చూసింది.

షాపు ఒక మేడ కింది అంతస్తులో ఉంది. షట్టరు సగం దించి ఉంది. పుట్టినరోజుకో, పెళ్లి రోజుకో, ఉద్యోగం విడిచే రోజుకో ఆ సంవత్సరపు అసలు పత్రికను కానుకగా కట్టి ఇవ్వడం కామేశ్వరరావు వ్యాపారం. పండు ముసలి. గోదావరి యాస ఇంకా పోలేదు.

“ఈ కవర్లు నీయేనా?” వీరేశం పాత ఉద్యోగపు గొంతుతో గద్దించాడు.

“మావేనండి. మూడూ ఒక్కరికే ఇచ్చాను.”

“ఎవరికి?”

“అది చెప్పనండి. కానుక ఇచ్చేదాకా కొన్నవారి పేరు బయటపెట్టం. షాపు తెరిచిన నాటి నుంచీ అదే పద్ధతి.”

“ఐదింటికి మీ షాపు ఉండకపోవచ్చు,” అంది రాజరాజేశ్వరి మెల్లగా.

“తెలుసండి. ఇందాకే రాజేందర్ గారు చెప్పి వెళ్లారు.” ఆయన చూపు సగం దించిన షట్టరు మీదే ఉంది. అయినా పేరు చెప్పలేదు.

“ఖాళీ కవరు మీరే ఇచ్చారా, అందులోంచి ఎవరైనా తీశారా?”

“ఖాళీదే ఇచ్చానండి.”

“చాలు. పదండి వీరేశం గారూ.”

బయటికొచ్చాక వీరేశం ఊరుకోలేదు. “దొంగ మొహం మేడం. షట్టరు దిక్కే ఎట్ల చూస్తుండో చూసిండ్రా?”

“భయపడుతూ కూడా మాట మీద నిలబడ్డ మనిషి. మీరైతే ఏం చేసేవారు?”

వీరేశం ఫోను తీసి, సీతత్త ఎక్కడ దొరుకుతుందో అఖిలను అడిగాడు.

ఆ సీతత్త, అంటే సీతాబాయి, షాపు పక్క మేడలోనే హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. లిఫ్టు ముందు నేల తుడుస్తోంది. ఎల్లేశం పేరెత్తగానే తుడుపు కర్ర ఆపింది.

“మా అన్నను అందరు మర్చిండ్రు, ఎల్లేశమన్న మర్వలే. ఏటా ఉగాదికి నాకు చీర తెస్తడు. పండుగ తెల్లారి పొద్దుగాల ఉరుక్కుంట వచ్చిండు. ‘ఇప్పుడే పేపర్ల చూసిన, బాలయ్య పోయిండు’ అని మా అమ్మ కాళ్ల మీద పడ్డడు. నాకప్పుడు పదమూడేండ్లు.”

“మీరా పేపరు చూశారా?”

“నాకు చదువ రాదమ్మా,” అని మళ్లీ నేల తుడవసాగింది. తుడిచిన చోటే తుడుస్తోంది.

రాజరాజేశ్వరి రమ్మంటే నాలుగింటికి కోకాపేటలో ఎల్లేశం ఇంట్లో అందరూ కూడారు. గేటు బయట రాజేందర్ మనుషులు పాతికమంది ఉన్నారు. నినాదాలు లేవు. ఆ మౌనం వీరేశానికి ఏ మాత్రం నచ్చలేదు. గుంపు అరవకుండా నిలబడితే ఏమవుతుందో అతను చూసినవాడే. కామేశ్వరరావును తలుపు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, తాను అడ్డంగా నిలబడ్డాడు. మంచం మీద ఎల్లేశం గోడకు ఆనుకుని ఉన్నాడు, కళ్లు లోతుకు పోయాయి. సీతాబాయి గుమ్మం పక్కన నేల మీద కూర్చుంది.

“ఇగ చెప్పుండ్రి మేడం, టైము లేదు,” అన్నాడు రాజేందర్.

రాజరాజేశ్వరి మూడు కవర్లనూ వరసగా పరిచింది. “అందరూ ఖాళీ కవరును చూసి చావు బెదిరింపు అనుకున్నారు. వీరేశం గారూ, ఇవాళ పొద్దున మీరు పేపరు చదివారా?”

“యాడ మేడం? నిన్న దసరా, ప్రెస్సుకు...” వీరేశం నోరు అక్కడే ఆగిపోయింది.

“నిన్న పండగ, ఇవాళ పేపరు లేదు. ఆనాడూ అంతే. ఉగాది నాటి పత్రిక అడుగున శుభాకాంక్షల కింద చిన్న అక్షరాల్లో ఉంది చూడండి, రేపు పత్రిక వెలువడదని. కామేశ్వరరావు గారూ, అచ్చుకాని రోజు పత్రిక ఎవరైనా అడిగితే ఏం చేస్తారు?”

“ముందురోజుదీ తరవాతిదీ ఇచ్చి, మధ్యలో ఆ తేదీ వేసి ఖాళీ కవరు పెడతానండి. వాళ్ల రోజు పోకూడదు కదా.”

“అంటే కొన్నవారు ఉగాది మర్నాటి పేపరే కావాలని అడిగారు. ఆ పొద్దున పేపర్లో చూశానని ఎల్లేశం గారు ఎవరికి చెప్పారో, వాళ్లకే అది కావాలి. రోజూ ఆ షాపు పక్కనే పనిచేసే మనిషికి. నార్సింగి నుంచి కోకాపేటకు నడిచి రాగలిగి కూడా, నిన్న జమ్మి పెట్టడానికి చెయ్యి రాని మనిషికి.”

గదిలో అందరూ గుమ్మం వైపు తిరిగారు.

“నేనే పెట్టిన,” అంది సీతాబాయి. “సన్మానమంటే సంబురపడ్డ. అన్న చదివిన ఆ పేపరే తెచ్చి అన్న చేతికిద్దామనుకున్న. గా పెద్దమనిషి, ఆ దినం పేపరే రాలేదమ్మా అన్నడు. నమ్మలే. నాలుగు దినాలు నిద్ర లేదు. పేపరు లేకుంటే అన్నకెట్ల తెలిసింది? నోటితోని అడగ చేతగాలే. అందుకే ఒక్కొక్కటి పెట్టిన. దుకాణం మీదికి పోతరని ఇయ్యాల్నే తెలిసింది. అన్న చెప్తడేమోనని ఇప్పటిదాక చూసిన.”

ఎల్లేశం రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. తరవాత చేతులు దించి సీతాబాయి వైపు చూశాడు.

“బాలానగర్‌ల ఓ మూసేసిన వర్క్‌షాపుల దాసుకున్నం. తల పగిలింది వానికి. దూప అయితుందన్నడు. నీళ్లు తెస్తనని బయటికొచ్చిన. పోలీసు జీపు కనబడ్డది. ఉరికిన సీతా. కోకాపేట దాక ఎనకకు చూడలే. తెల్లారకముందు మల్ల పోయిన. పాణం లేదు. మీ అమ్మకు ఏం చెప్పాల్నో తెల్వక, పేపర్ల చూసిన అన్న.”

అఖిల తండ్రిని పట్టుకోబోయి ఆగిపోయింది. రాజేందర్ తల వంచుకున్నాడు.

“మా అన్న ఏమన్న చెప్పిండా?” అని అడిగింది సీతాబాయి.

“చెల్లె నాకోసం పండుగ భక్షాలు దాచిపెడ్తది, ఎదురుసూడకుండ తినుమని చెప్పు అన్నడు. అది చెప్తే నేనాడ ఉన్నట్టు తెలుస్తదని చెప్పలే.”

“మూడొద్దులు దాచిన అన్నా,” అంది ఆమె. “బూజు పట్టినంక అమ్మ పారేసింది.”

ఆమె ఏడవలేదు. లేచి వచ్చి ఖాళీ కవరును ఎల్లేశం ఒడిలో పెట్టింది.

“ఇప్పుడు చెప్పిందంత రాయి. నాకు చదువ రాదు. అఖిల శిబిరంల మైకు ముందట చదువుతది, నేను వింట.”

రాజేందర్ గేటు దగ్గరికి వెళ్లి మనుషుల్ని పంపేశాడు. దండ తేవద్దని ఫోను చేశాడు. తిరిగొచ్చి కామేశ్వరరావు ముందు చేతులు జోడించి నిలబడ్డాడు. వీరేశం మంచినీళ్లు తెచ్చి ఆ ముసలాయన చేతికిచ్చి, “తాగుండ్రి సార్,” అన్నాడు.

ఎల్లేశం రాయడానికి అరగంట పట్టింది. కామేశ్వరరావు ఆ కాగితాన్ని తీసుకుని, పాత పత్రికను పట్టుకున్నంత జాగ్రత్తగా మడిచి ఆ ఖాళీ కవరులో పెట్టాడు. పైన తేదీ రాయాల్సిన పని లేకపోయింది. లేబులు ముందే ఉంది.