తట్టకూడని పెట్టె

యుద్ధం నాటి సామాన్లు అనగానే జనం తుపాకులేవీ అని అడుగుతారు. ఆ మ్యూజియంలో ఒక్క తుపాకీ కూడా లేదు. సిపాయి ఇనుప టోపీ ఉంది గానీ, ఎవరో ఇల్లాలు దాన్ని తిరగేసి ఏళ్ల తరబడి కోళ్లకు నీళ్లు పెట్టింది. పారాచూట్ గుడ్డతో కుట్టిన చంటిపిల్ల చొక్కా ఉంది. వెలుతురు పైన తిరిగే విమానాలకు కనబడకుండా చిమ్నీకి మసి పూసిన లాంతరు ఉంది. ఒక భూస్వామి ఇంటి కొలపాత్రలు రెండున్నాయి. ఒకటి కౌలు ధాన్యం పుచ్చుకోవడానికి, రెండోది అప్పు ధాన్యం ఇవ్వడానికి. పక్కపక్కన పెట్టి చూస్తే గానీ ఆయనగారి పెద్దమనసు ఎంతో అర్థం కాదు.

వీటన్నిటినీ బాగుచేసి నిలబెట్టే ఆవిణ్ణి అక్కడ అందరూ మరమ్మతులక్క అంటారు. ఒకప్పుడు అక్క ఉన్నచోట నవ్వులకు కరువుండేది కాదు. కిందటేడు దూరదేశం పనికి వెళ్లిన భర్త చెక్కపెట్టెలో తిరిగొచ్చాడు. వద్దన్నా వినకుండా మూత తీయించి చూసింది. అంతే, మనసు మొద్దుబారిపోయింది. ఇప్పుడు వేడి టీ నాలుక కాల్చినా ఆమెకు చాలాసేపటికి గానీ తెలియదు.

ఆ మధ్యాహ్నం ఒకటే వాన. కరెంటు పోయింది. పనిగదిలో తడి చెక్క వాసన, పాత పొట్టు వాసన. మధ్యలో నడుమెత్తు ధాన్యం పెట్టె. మర్నాడు ప్రదర్శనకు పెట్టాలి కాబట్టి మూత తెరవమని ఆఫీసరు ఆర్డరు. పెట్టె ఇచ్చిన బామ్మగారు బండి కట్టించుకుని వచ్చి, స్టూలు మీద కూర్చుంది.

"తీసేటప్పుడు నేనుండాలి అమ్మాయ్. చూసి పోతాను."

"ఏముంటుంది బామ్మగారూ, ఎలకలుంటాయి."

"మా అన్నయ్య ఉన్నాడో లేడో చూడాలి."

అక్క చేతిలో సుత్తి ఆగింది.

"కుర్రాళ్లని ఇంటింటికీ వచ్చి యుద్ధానికి పట్టుకుపోతున్నారప్పుడు. అమ్మ వాణ్ణి ఇందులో దాచి మూత మీద కూర్చుంది. వచ్చిన సిపాయిలు తిండి పెట్టమన్నారు. తిని, అక్కడే పడుకున్నారు. అమ్మ తెల్లారేదాకా మూత మీంచి లేవలేదు. పొద్దున్నే నన్ను పిన్ని ఇంటికి పంపేసింది. తిరిగొచ్చేసరికి మూతకి మేకులు. అన్నయ్య కొండల్లోకి పారిపోయాడంది." బామ్మగారు చీర కొంగు వేలికి చుట్టుకుంది. "ఆ ఏడాది ఈ పెట్టెలో ధాన్యం మేం తినలేదు. ఎందుకని నేనూ అడగలేదు. ఇప్పటికీ వాడికో దుప్పటి ఉతికి పెడుతూనే ఉన్నాను. పారిపోయిన వాడైతే రావచ్చుగా?"

జాలి పడాల్సిన చోటు అని అక్కకు తెలుసు. పడలేకపోయింది. పనిలోకి దిగింది.

పాత చెక్క మీద మేకులు పీకే ముందు పురుగు ఎక్కడ తొలిచిందో చూసుకోవాలి. లేకపోతే పలక నిలువునా చీలుతుంది. అందుకు వేలి కణుపుతో తట్టి వింటారు. గట్టి చెక్క ఒకలా పలుకుతుంది, డొల్ల చెక్క ఇంకోలా. చెయ్యి అలవాటుగా మూత మధ్య పలక మీదికి పోయింది. టక్. టక్. టక్.

బామ్మగారు చటుక్కున ఆమె మణికట్టు పట్టుకుంది.

"తట్టకు! అమ్మ ఎవర్నీ తట్టనిచ్చేది కాదు. మూడుసార్లు తడితే సిపాయిలు వెళ్లిపోయారని గుర్తు. బయటికి రమ్మని..."

వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

టక్...

లోపల్నుంచి.

టక్... టక్...

"అన్నయ్యా," అంది బామ్మగారు, ఊపిరంత సన్నగా.

అక్కకు భయం వేయలేదు. ఒక్కో మేకూ పీకింది. మూత లేచింది. ముక్కిపోయిన పొట్టు వాసన. దాని వెనకే చెమట వాసన... పచ్చిది.

లోపల అడుగున కాస్త పొట్టు. ఇంకేమీ లేదు.

"ఖాళీ!" బామ్మగారు ఏడుస్తూనే నవ్వింది. "పారిపోయాడే అమ్మాయ్! అమ్మ అబద్ధం చెప్పలేదు! నేనే... ఇన్నాళ్లూ అమ్మని..."

అక్క చెయ్యి పెట్టెలో ఉంది. మోచెయ్యి మునిగేలోపే అడుగు తగిలింది. బయట చూస్తే పెట్టె నడుమెత్తు. ఇలాంటి పెట్టెలు ఆమె ఇంతకుముందూ చూసింది. పై అరలో సర్కారుకు చూపించే ధాన్యం, కింది అరలో పిల్లల కోసం దాచుకునే ధాన్యం. ఆ కింది అరలో ఒక కుర్రాడు ముడుచుకుని పడుకోవచ్చు.

చెప్పాలా? కిందటేడు ఆ చెక్కపెట్టె మూత తీసి చూసినందువల్ల తనకు ఒరిగిందేమిటి?

"ఖాళీయే బామ్మగారూ," అంది. "ఏమీ లేదు."

బామ్మగారు ఆమె బుగ్గలు నిమిరి, మెటికలు విరిచి, చిన్నపిల్లలా బండెక్కింది. అక్క గుమ్మంలోంచి బండి కనుమరుగయ్యేదాకా చూసి వెనక్కొచ్చింది. చాలాసేపు పెట్టె పక్కనే కూర్చుంది. చివరికి లోపలి పలక అంచుకి ఉలి గుచ్చి పైకెత్తింది.

ఎముకలు లేవు.

పొట్టులో మనిషి పడుకున్న గుంట ఉంది. మోకాళ్లు పొట్టకు ముడుచుకున్న ఆకారం. చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది.

అప్పుడు నేల చూసింది. పెట్టె దగ్గర్నుంచి గుమ్మం దాకా పొట్టు రాలి ఉంది. దాని మీద ఉత్తకాళ్ల అడుగులు. చిన్నవి. బామ్మగారు వెళ్లిన దారినే వెళ్లాయి.

ఫోను మోగింది.

"అమ్మాయ్..." గుసగుస.

"ఇల్లు చేరారా బామ్మగారూ?"

"అన్నయ్య వచ్చాడు. తడిసి ముద్దయ్యాడు. దుప్పటి కప్పాను. అంత చిన్నవాడని నాకు గుర్తే లేదు..."

అక్క ఫోను చెవికి అదుముకుంది.

"నువ్వెందుకు తట్టావమ్మా?"

"బామ్మగారూ..."

"వాళ్లింకా వెళ్లలేదు. వాకిట్లోనే ఉన్నారు."

ఫోనులో బూట్ల చప్పుడు. ఒక జత కాదు... చాలా. ఎవరో తిండి అడుగుతున్నారు, చాలా మర్యాదగా.

"తలుపు తీయకండి!" అక్క అరిచింది. ఏడాదిగా రాని భయం ఒక్కసారిగా వచ్చి గుండెల మీద పడింది. "బామ్మగారూ, తలుపు తీయకండి!"

"నువ్వు కంగారు పడకు," అంది అవతలి గుసగుస. "అమ్మలాగే నేనూ కూర్చుంటాను."

ఆ ఇంట్లో ఏదో బరువైన మూత దభీమని పడింది. మేకులు పీకేసిన పెట్టె ఇక్కడ, అక్క ముందే, మూత తెరిచే ఉంది.